రిమోట్ ఎవరి చేతిలో ఉంది? గేమింగ్ కన్సోల్ కొనేముందు ఇదే మొదటి ప్రశ్న!

మొన్న రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. మా పిన్ని కొడుకు. బీటెక్ మూడో సంవత్సరం, విజయవాడలో హాస్టల్లో ఉంటాడు.

"అన్నయ్యా, పడుకున్నావా?"

"పడుకుంటే ఫోన్ ఎత్తుతానా? చెప్పరా."

"ఇంటర్న్‌షిప్ డబ్బులు పడ్డాయి. గేమింగ్ కన్సోల్ కొందామనుకుంటున్నా. పీఎస్5 బెటరా, స్విచ్ బెటరా? చేతిలో పట్టుకుని ఆడేవి ఇంకా ఏవో ఉన్నాయి కదా, అవి బెటరా? దేనికి పవర్ ఎక్కువ?"

వాడు నా నోటి నుంచి ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ లాంటి మాటలు వస్తాయని చూస్తున్నాడు. నేను ఒక్కటే అడిగా: "మీ హాస్టల్లో టీవీ ఉందా? ఉంటే రిమోట్ ఎవరి దగ్గర ఉంటుంది?"

అటువైపు కాసేపు చప్పుడు లేదు. "అదేం ప్రశ్న అన్నయ్యా!"

అదే అసలు ప్రశ్న. నేను దాన్ని దాదాపు 50 వేలు ఖర్చు పెట్టి నేర్చుకున్నా.

నా 50 వేల పాఠం

ఉద్యోగంలో మొదటి బోనస్ రాగానే నేను చేసిన మొదటి పని ఒక హోమ్ కన్సోల్ కొనడం. అప్పుడు హైదరాబాద్‌లో నలుగురం కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. హాల్లో పెద్ద టీవీ. అది రూమ్మేట్ టీవీ. నెట్ బిల్లు ఇంకొకడిది. సోఫా ఓనర్‌ది. నాది మాత్రం కన్సోల్.

మొదటి వారం అందరూ ఎగబడి ఆడారు. రెండో వారం నుంచి సీన్ మారింది. సాయంత్రం క్రికెట్. మ్యాచ్ అయ్యాక ఒకడికి వెబ్ సిరీస్. అది అయ్యేసరికి రాత్రి ఒంటిగంట. అప్పుడు నేను ఆన్ చేస్తే, "మామా, సౌండ్ తగ్గించవా, పొద్దున్నే షిఫ్ట్" అని గదిలోంచి కేక. మూడు నెలల్లో నేను ప్రశాంతంగా ఆడింది లెక్కపెడితే రెండు ఆదివారాలు.

మెషీన్‌లో ఏ లోపమూ లేదు. ఆడటానికి తెర నా చేతిలో లేదు, అంతే. అప్పుడు అర్థమైంది. హోమ్, హ్యాండ్‌హెల్డ్, హైబ్రిడ్ అని మూడు రకాలు అంటారు గానీ, వాటి మధ్య తేడా సైజులోనో ధరలోనో లేదు. తెర ఎవరిది అన్న దగ్గర ఉంది. మిగతా తేడాలన్నీ, అంటే కరెంటు, వేడి, బ్యాటరీ, పక్కన ఎవరు కూర్చుంటారు అన్నవన్నీ దాని వెనకే వస్తాయి.

హోమ్ కన్సోల్: టీవీని అప్పు అడిగే పెట్టె

హోమ్ కన్సోల్‌కి సొంత తెర ఉండదు. 1972లో అమెరికాలో వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీని మొదటి హోమ్ వీడియో గేమ్ కన్సోల్ అంటారు. రాల్ఫ్ బేర్ అనే ఇంజినీర్ ఆలోచన అది. ఇంట్లో ఎలాగూ టీవీ ఉంది, దాంట్లో వచ్చింది చూడటమే ఎందుకు, ఆడుకుంటే పోలా అన్నదే ఆయన లెక్క. తెరమీద కొన్ని తెల్లటి చుక్కలు, గీతలు మాత్రమే కదిలేవి. రంగులు లేవు, శబ్దం లేదు. గ్రౌండ్, కోర్టు లాంటి బొమ్మలున్న ప్లాస్టిక్ షీట్లను టీవీ అద్దానికి అతికించి ఆడేవాళ్లు.

మన దగ్గర ఇళ్లకు వచ్చింది వేరే దారిలో. 1983లో జపాన్‌లో నింటెండో ఫ్యామికామ్ అనే హోమ్ కన్సోల్ తెచ్చింది. దానికి పుట్టుకొచ్చిన నకళ్లు తొంభైల్లో, రెండు వేల తొలి ఏళ్లలో మన ఊళ్ల బజార్లలో "టీవీ వీడియో గేమ్" పేరుతో అమ్ముడుపోయాయి. మీ అన్నయ్యల్ని, బాబాయిల్ని అడగండి, చెబుతారు. మారియో, కాంట్రా ఉన్న పసుపురంగు క్యాసెట్, అది పనిచేయకపోతే నోటితో ఊదడం, టీవీ వెనక పిన్నులు గుచ్చడం. అన్నిటికన్నా ముందు, అమ్మ సీరియల్ అయ్యేదాకా గోడకి ఆనుకుని ఎదురుచూడటం. మా ఇంట్లో గేమ్ టైమ్ నిర్ణయించింది నేను కాదు, సీరియల్లో కోడలి కష్టాలు.

ఈరోజు పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఇదే వంశం. వీటికి రెండు బలాలు. ఒకటి, గోడకున్న ప్లగ్. కరెంటు నేరుగా వస్తుంది కాబట్టి ఎంత కావాలంటే అంత తాగొచ్చు. పెద్ద గేమ్ నడుస్తున్నప్పుడు పీఎస్5 సుమారు 200 వాట్లు లాగుతుంది. అంటే రెండు మూడు పాత సీలింగ్ ఫ్యాన్లు తిరిగినంత. ఆ కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి తోసేయడానికి లోపల పెద్ద ఫ్యాన్, లోహపు రేకులు. మొదట వచ్చిన పీఎస్5 దాదాపు నాలుగున్నర కిలోలు ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదే. అది షో కోసం పెంచిన సైజు కాదు, ఊపిరి తీసుకోవడానికి పెంచుకున్నది.

రెండో బలం, సోఫా. తెర పెద్దది కాబట్టి ఆడేవాళ్లు ఇద్దరైనా, చూసి గోల చేసేవాళ్లు పదిమంది ఉండొచ్చు.

హ్యాండ్‌హెల్డ్: నా తెర, నా ఇష్టం

తిరునాళ్లలో అమ్మిన బ్రిక్ గేమ్ గుర్తుందా? ఇటుకలు పైనుంచి పడుతుంటే సర్దే ఆట. పెట్టె మీద "9999 ఇన్ 1" అని రాసి ఉండేది. తీరా చూస్తే నాలుగైదు ఆటలే తిప్పి తిప్పి వచ్చేవి. అయినా అది మాకు బంగారం. ఎందుకంటే దానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. కరెంటు పోయినా ఆడొచ్చు. దుప్పటి కింద ఆడొచ్చు. తెర, మీటలు, బ్యాటరీ, స్పీకర్ అన్నీ ఒకే ఒంట్లో ఉంటాయి. హ్యాండ్‌హెల్డ్ అంటే అదే.

క్యాసెట్లు మార్చుకోగలిగే మొదటి హ్యాండ్‌హెల్డ్ 1979లో వచ్చిన మైక్రోవిజన్. మరుసటి ఏడాది, 1980లో నింటెండో 'గేమ్ అండ్ వాచ్' తెచ్చింది. రైల్లో ఒక ఉద్యోగి కాలక్షేపానికి క్యాలిక్యులేటర్ బటన్లు నొక్కుకుంటూ కూర్చోవడం చూసి గున్‌పెయ్ యొకోయ్ అనే డిజైనర్‌కి ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఆ ఉద్యోగి దగ్గర టీవీ లేదు, చేతులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. హ్యాండ్‌హెల్డ్ పుట్టింది ఆ ఖాళీలోంచే.

కానీ సొంత తెర మోసుకు తిరగడం ఊరికే రాదు. దానికి రేటు బ్యాటరీ రూపంలో కట్టాలి. ఈ విషయాన్ని ఒక పాత పోటీ భలేగా చెబుతుంది.

1989లో నింటెండో గేమ్ బాయ్ తెచ్చింది. తెరకి రంగుల్లేవు, వెనకనుంచి వెలుగు లేదు, ముదురు నుంచి లేత దాకా నాలుగు ఛాయలు, అంతే. 1990లో సెగా కంపెనీ గేమ్ గేర్ తెచ్చింది. రంగుల తెర, లోపలినుంచి వెలుగు. పక్కపక్కన పెడితే ఎవరైనా గేమ్ గేర్‌నే ఎత్తుకుంటారు. కానీ అది ఆరు పెన్సిల్ బ్యాటరీలు మింగి మూడు నుంచి ఐదు గంటల్లో ఆరిపోయేది. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి నడిచేది. గేమ్ గేర్ కోటి పైచిలుకు అమ్ముడైంది. గేమ్ బాయ్, తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌తో కలిపి, 11 కోట్ల 80 లక్షలు దాటింది. మంచి గేమ్స్, ధర కూడా కలిసొచ్చాయి. అయినా పాఠం స్పష్టం. చేతిలో ఉన్నది ముందు ఆన్‌లో ఉండాలి, అందం ఆ తర్వాత.

ఓ చిన్న లెక్క

"అలాంటప్పుడు పీఎస్5నే చిన్నగా చేసి, బ్యాటరీ పెట్టి ఇవ్వొచ్చు కదా?" అని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. లెక్క వేద్దాం.

2017లో వచ్చిన నింటెండో స్విచ్ బ్యాటరీ సామర్థ్యం 4310 ఎంఏహెచ్. మీ ఫోన్ బ్యాటరీ కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. వాట్ అవర్ లెక్కలోకి మారిస్తే సుమారు 16. అంటే 16 వాట్లు తాగే మెషీన్‌ని ఒక గంట నడుపుతుంది. అదే బ్యాటరీని 200 వాట్లు తాగే దానికి తగిలిస్తే? ఐదు నిమిషాలు. గేమ్ లోడ్ అయి, పేరు పడేలోపు అయిపోతుంది. పైగా ఆ వేడి ఉండేది మీ అరచేతుల్లో.

అందుకే చేతిలో పట్టుకునే మెషీన్ పొదుపుగా బతకాలి. ఆ స్విచ్ కూడా చేతిలో ఉన్నప్పుడు ఆరేడు వాట్లలోనే సర్దుకుంటుంది. కాబట్టే రెండున్నర నుంచి ఆరున్నర గంటలు వస్తుందని కంపెనీ చెప్పింది. బరువైన గేమ్ అయితే తక్కువ, తేలికైనదైతే ఎక్కువ.

మీ ఫోన్‌లోనూ ఇదే కథ. గంటసేపు బీజీఎంఐ ఆడాక ఫోన్ వేడెక్కి, గేమ్ నత్తనడక నడుస్తుంది చూడండి. ఫోన్ పాడై కాదు. లోపల ఫ్యాన్ లేదు కాబట్టి, వేడి తగ్గించుకోవడానికి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

హైబ్రిడ్: రెండు పడవల మీద కాలు

మరి రెండూ ఒకదాంట్లోనే ఉంటే? ఈ ఆశ పాతదే. 1995లో సెగా 'నోమాడ్' అని తెచ్చింది. ఇంట్లో టీవీకి పెట్టి ఆడే మెగా డ్రైవ్ కన్సోల్ క్యాసెట్లే అందులో పెట్టి, చేతిలో పట్టుకుని ఆడొచ్చు. కావాలంటే టీవీకీ కలపొచ్చు. ఆలోచన భేష్. కానీ ఆరు బ్యాటరీలు రెండు మూడు గంటలకే చేతులెత్తేసేవి. ఆలోచన ముందు పుట్టింది, బ్యాటరీ తర్వాత పుట్టింది.

2012లో నింటెండో 'వీ యు' తెచ్చింది. దాని కంట్రోలర్ మధ్యలోనే ఒక తెర ఉంటుంది. టీవీని వేరేవాళ్లు తీసేసుకుంటే చాలా గేమ్స్ ఆ చిన్న తెరమీద కొనసాగించొచ్చు. అంటే రిమోట్ గొడవ నింటెండోకి కూడా తెలుసన్నమాట! కానీ ఒక మెలిక ఉంది. గేమ్‌ని నడిపే మెదడు టీవీ దగ్గరున్న పెట్టెలో ఉంది, చేతిలో ఉన్నది తెర మాత్రమే. కన్సోల్‌కి దూరం జరిగితే సిగ్నల్ తెగిపోయేది. అమ్మకాలు కోటిన్నర కూడా చేరలేదు.

2017 మార్చి 3న వచ్చిన స్విచ్ ఈ లెక్కని తిరగేసింది. ఈసారి మెదడుని చేతిలో పెట్టి, టీవీ దగ్గర ఉత్త పీఠం ఉంచింది. ఆ పీఠాన్నే డాక్ అంటారు. చాలామంది డాక్‌లో ఏదో అదనపు ప్రాసెసర్ ఉందనుకుంటారు. లేదు. డాక్ చేసేది చార్జింగ్ ఇవ్వడం, బొమ్మని టీవీకి పంపడం. అయినా టీవీలో బొమ్మ ఎందుకు బాగుంటుంది? గోడ కరెంటు దొరగ్గానే లోపలి చిప్ వేగం పెంచుకుంటుంది. చేతిలో 720పీ, టీవీలో 1080పీ వరకు. అదే చిప్, అదే గేమ్. దొరికిన తిండిని బట్టి బలం.

ఇంకో తెలివి, పక్కలకి తగిలించిన జాయ్‌కాన్ కంట్రోలర్లు. రెంటినీ ఊడదీస్తే ఇద్దరికి చెరొకటి. రైలు బెర్త్ మీద మెషీన్‌ని నిలబెట్టి పక్కవాడితో ఆడొచ్చు. హ్యాండ్‌హెల్డ్ అంటే ఒంటరి ఆట అన్న మాటని అది కొంత మార్చింది. ఇప్పటికి 15 కోట్లకు పైగా స్విచ్‌లు అమ్ముడయ్యాయి. 2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చింది. తెర 7.9 అంగుళాలు, టీవీలో 4కె వరకు.

హైబ్రిడ్ కదా, దాంతో అన్నీ తీరిపోతాయా? లేదు. నా హోమ్ కన్సోల్‌ని ఊరికి పంపేశాక నేను వాడింది హైబ్రిడ్‌నే. సాయంత్రం సికింద్రాబాద్‌లో రైలెక్కి ఆడటం మొదలుపెడితే ఖమ్మం రాకముందే బ్యాటరీ ఎర్రగా మెరిసింది. బెర్త్ పక్కన చార్జింగ్ పాయింట్‌లో అప్పటికే మూడు ఫోన్లు. ఇంటికెళ్లి టీవీకి పెడితే, హోమ్ కన్సోల్‌లో చూసిన గేమే ఇక్కడ కాస్త మసగ్గా అనిపించింది. చేతిలోనూ నడవాలి, టీవీలోనూ నడవాలి అంటే రెండుచోట్లా కొంచెం కొంచెం వదులుకోవాలి.

పేరు చూసి మోసపోవద్దు

ఈ మూడు రకాల మధ్య గోడలు ఇప్పుడు పల్చబడ్డాయి. కొనేముందు ఈ మూడూ గమనించండి.

స్విచ్ లైట్: పేరులో స్విచ్ ఉంది గానీ టీవీకి కలవదు, జాయ్‌కాన్లు ఊడవు. 2019లో వచ్చిన ఇది పక్కా హ్యాండ్‌హెల్డ్. తక్కువకి వస్తోంది కదా అని కొని, ఇంటికెళ్లాక టీవీ వైరు కోసం వెతికినవాళ్లు ఉన్నారు.

ప్లేస్టేషన్ పోర్టల్: చూడటానికి హ్యాండ్‌హెల్డ్‌లా ఉంటుంది. కానీ గేమ్ నడిచేది అందులో కాదు, ఇంట్లో ఉన్న పీఎస్5లోనో, దూరంగా ఉన్న సర్వర్‌లోనో. వైఫై మీద బొమ్మ మాత్రమే వస్తుంది. నెట్ ఆగితే ఆట ఆగుతుంది. 'వీ యు' కంట్రోలర్‌కి మనవడు అనుకోండి.

స్టీమ్ డెక్: 2022లో వచ్చింది. చేతిలో ఆడొచ్చు, డాక్ కొనుక్కుంటే టీవీకీ పెట్టొచ్చు. అంటే వాడకంలో హైబ్రిడ్డే. లోపల మాత్రం కంప్యూటర్. స్టీమ్‌లో కొన్న పీసీ గేమ్స్ చాలావరకు ఆడొచ్చు. కానీ ఒకే మెషీన్ కోసం కొలిచి కుట్టిన గేమ్స్ కావు కాబట్టి, కొన్నిటికి సెట్టింగ్స్‌లో కుస్తీ పట్టే ఓపిక ఉండాలి.

డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు

ఒకటి, తెర. మీకు నచ్చిన టైమ్‌లో టీవీ రెండు గంటలు మీకే దొరుకుతుందా? దొరికితే హోమ్ కన్సోల్. పెట్టే డబ్బుకి బొమ్మ, బలం అక్కడే ఎక్కువ.

రెండు, చోటు. మీ ఖాళీ టైమ్ ఎక్కడ గడుస్తోంది? బస్సులో, హాస్టల్ మంచం మీద అయితే ఎంత గొప్ప హోమ్ కన్సోల్ అయినా అటక మీదికే.

మూడు, తోడు. ఒక్కరే ఆడతారా, పక్కన ఇంకొకరు ఉంటారా? రెండో కంట్రోలర్ ధర ముందే బడ్జెట్‌లో కలుపుకోండి.

నాలుగు, గేమ్స్ ఖర్చు. కన్సోల్ ఒక్కసారి కొంటాం, గేమ్స్ కొంటూనే ఉంటాం. డిస్కు లేదా కార్డు రూపంలో కొంటే ఆడేశాక ఫ్రెండ్‌కి ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు. డౌన్‌లోడ్ చేసుకున్నది అమ్ముకోలేం. డిస్కు పెట్టే చోటు లేని మోడల్ చవగ్గా వస్తోందంటే ఈ లెక్క కూడా చూడాలి. బయటి దేశం నుంచి తెప్పించి అమ్మేవాళ్ల దగ్గర కొంటుంటే, ఇక్కడ వారంటీ ఎవరిస్తారో కాగితం మీద రాయించుకోండి.

మావాడు ఏం కొన్నాడు?

ఇవన్నీ చెప్పాక వాడికి హైబ్రిడ్డే సరిపోతుందని నేను ఫిక్స్ అయిపోయా. హాస్టల్లో మంచం మీద, ఇంటికెళ్తే టీవీలో. కానీ వారం తర్వాత ఫోన్ చేసి, "హోమ్ కన్సోల్ తీసుకున్నా అన్నయ్యా" అన్నాడు.

"ఒరేయ్! హాస్టల్లో టీవీ లేదన్నావ్ కదరా?"

"హాస్టల్‌కి కాదు. తెనాల్లో ఇంట్లో పెట్టేశా. రెండో కంట్రోలర్ కూడా తీసుకున్నా."

నేను ఇంకేం అనకముందే వాడే చెప్పాడు. "నువ్వు అడిగావ్ కదా, ఎవరితో ఆడతావ్ అని. హాస్టల్లో అయితే నేనొక్కణ్నే ఆడతా. రాత్రంతా ఆడతా, ఇంకో సబ్జెక్ట్ పోతుంది. ఇంట్లో అయితే చిన్నోడు ఉంటాడు. నేను హాస్టల్‌కొచ్చాక వాడు నాతో సరిగ్గా మాట్లాడట్లేదు అన్నయ్యా. ఇంటికెళ్లినా వాడి ఫోన్ వాడిది, నా ఫోన్ నాది."

నేను నా 50 వేలతో నేర్చుకున్నది తెర ఎక్కడ దొరుకుతుంది అన్నదాకే. వాడు ఇంకో మెట్టు పైకెక్కి, ఆ తెర ముందు ఎవరు కూర్చోవాలి అన్నదాకా వెళ్లాడు. సొంత తెర ఇద్దరికీ జేబులోనే ఉంది. వాళ్లకి లేనిది, ఇద్దరూ కలిసి చూసే ఒక తెర.

ఇప్పుడు నెలకోసారి వెళ్లేవాడు రెండు వారాలకోసారి తెనాలి వెళ్తున్నాడు. టీవీ మాత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా పిన్నిదే. అందులో మార్పు లేదు. తొమ్మిది దాటాక అన్నదమ్ములిద్దరూ కూర్చుంటారు.

పోయిన ఆదివారం పిన్నే ఫోన్ చేసింది. నా మీద విరుచుకుపడుతుందనుకున్నా.

"ఏరా, ఆ పెట్టె కొనమని నువ్వే చెప్పావట?"

"నేను వేరేది చెప్పాను పిన్నీ..."

"సర్లే. రాత్రి పన్నెండు దాకా ఒకటే అరుపులు. నిద్ర లేదు." కాస్త ఆగింది. "చిన్నోడు ఇంతలా నవ్వి ఎన్నాళ్లయిందో."